అడుగు కనపడని డబ్బా

సాయిసుధ నానిన చింతపండు పిసుకుతోంది. గుప్పిట బిగించి రసం మాత్రం గిన్నెలోకి వదిలి, పిప్పిని మళ్ళీ కొద్దిపాటి నీళ్ళలో వేసి ఇంకోసారి పిసికింది. రెండోసారి రసం పలచగా, తేనెరంగులో దిగింది. ఈనెలూ ఒక గింజా బొటనవేలితో పక్కకి నెట్టి గిన్నె పొయ్యిమీద పెట్టింది. ఉప్పు, పసుపు, చేత్తో నలిపిన టమాటా, చిన్న బెల్లం ముక్క.

ఒంటిగంట దాటింది. మావయ్య బాబూరావు ఒకటిన్నరకి పెద్దబజారులోని దినుసుల కొట్టు లోకనాథ్‌కి అప్పజెప్పి భోజనానికి వస్తాడు. హల్దియాపదర్ సందులో ఆయన స్కూటరు చప్పుడు వినపడేసరికి చారు పొంగుమీద ఉండాలి. కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి పోపు పడాలి.

అల్మరా పై అరలోంచి స్టీలు డబ్బా దించింది. మూతమీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: వాసవీకుమారి. పోయిన అత్తగారి పేరు. మూత బిగువుగా ఉంటుంది. డబ్బాని కడుపుకి ఆనించుకుని రెండు బొటనవేళ్ళతో ఎత్తితే తప్ప రాదు. రెండు చెంచాల పొడి తీసి చారులో వేసి, డబ్బాని కిటికీ వైపు వంచి చూసింది. అడుగు కనపడలేదు.

కనపడనివ్వలేదు తను. అత్తగారు దంచిపెట్టిన పొడి ఆషాఢంలోనే అయిపోయింది. ఇప్పుడు అందులో ఉన్నది సాయిసుధ దంచినది, మూడోసారి నింపినది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం మనిషి పోయాక ఏడాది తిరిగేదాకా రోకలి ఎత్తకూడదు. ఆవకాయ పెట్టరు, వడియాలు పెట్టరు, పొడులు దంచరు. పన్నెండోరోజు దాటగానే బాబూరావు అక్క కాసులమ్మ పక్కవీధి నుంచి వచ్చి, రోకలికి గోనెగుడ్డ చుట్టించి, తాడు కట్టించి, దగ్గరుండి అటకెక్కించింది.

పొడి అయిపోయిననాడు సాయిసుధ మిరియాలు నలగ్గొట్టి చారు పెట్టింది. బాబూరావు రెండు ముద్దలు తిని మజ్జిగ పోసుకున్నాడు. మర్నాడూ అంతే. మూడోనాడు మజ్జిగ కూడా వద్దన్నాడు. చొక్కా భుజాల దగ్గర జారిపోతూ ఉండగా ఆయన మెట్లు దిగి వెళ్ళటం చూసి, నాలుగోనాటి మధ్యాహ్నం కిటికీలన్నీ మూసి ధనియాలు వేయించింది. మాత్రలు నూరుకునే చిన్న రాతి కల్వం కింద తువ్వాలు నాలుగు మడతలు వేసి పరిచి, గుప్పెడు గుప్పెడుగా దంచింది. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, కందిపప్పు, ఎండుమిరపకాయలు. పుట్టిల్లు చికిటిలో అమ్మ వేసినట్టు నాలుగు పిప్పళ్ళు కూడా వేసింది. అత్తగారు పిప్పళ్ళు వేసేది కాదు. ఆలోచించేలోపే చెయ్యి వేసేసింది. ఆ రోజు బాబూరావు చారు రెండోసారి పోయించుకున్నాడు.

ఈ మూడోసారి పొడిలో పిప్పళ్ళు లేవు. చికిటి నుంచి తెచ్చుకున్న పొట్లం అయిపోయింది.

స్కూటరు ఆగింది. చారు అంచుల దగ్గర నురగ కట్టి పైకి లేవగానే దించేసింది. నెయ్యి కాచి ఆవాలు, ఇంగువ, కరివేపాకు వేసి గరిటెతోనే చారులో ముంచింది. చుయ్యిమన్న చప్పుడు వంటింట్లోంచి వసారా దాకా వెళ్ళింది.

బాబూరావు అన్నం మధ్యలో గుంట చేశాడు. ఆమె పోసింది. కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, రెండో ముద్ద ఎత్తబోయి ఆగాడు. కంచంలోకి చూశాడు. సాయిసుధ ఫ్రిజ్ పక్కన నిలబడి కొంగు చివర వేలికి చుట్టుకుంది. తర్వాత ఆయన చెయ్యి మళ్ళీ కదిలింది.

"ఇంకొంచెం అన్నం పెట్టమంటారా మావయ్యా?"

"సాలు." చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "ఆదివారం సంవత్సరీకానికి ఏటేటి కావాలో రాసీసి ఇయ్యి అమ్మాయీ. లోకనాథు తెస్తాడు."

ఆ రోజుకి ఆ ఇంట్లో మాటలు అవే. భర్త గౌతమ్ రాయగడలో బ్యాంకు ఉద్యోగి. శనివారం వస్తాడు, ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతాడు. మిగిలిన రోజుల్లో సాయిసుధ టీవీ పెట్టుకునేది కాదు. మావయ్య పడుకున్న గదిలో ఫ్యాను చప్పుడు, వంటింట్లో కుళాయి చుక్క చప్పుడు, అంతే.

శుక్రవారం లోకనాథ్ సామాన్లు తెచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. కొట్టులో ముప్పై ఏళ్ళుగా ఉన్నాడు, ఒరియా మాట తెలుగులో కలిపేసి మాట్లాడతాడు, అమ్మా అనటానికి మా అంటాడు. బియ్యం సంచీ దించి, పాలిథిన్ కవర్లలో కట్టిన పప్పులూ పంచదారా ఒక్కొక్కటీ బల్లమీద పెట్టాడు. అన్నిటికీ అడుగున న్యూస్‌పేపర్ పొట్లం ఒకటి ఉంది. ఈ మధ్య నెలనెలా వస్తోంది అది. అందులో ధనియాలు, మిరియాలు.

"ఇవి రాయలేదు కదా లోకనాథ్‌గారూ."

"లిస్టులో లేకపోతే నేనేల తెస్తాను మా? సంచీలో ఉంది, తెచ్చినాను." నుదురు తుడుచుకున్నాడు. "పెద్ద మా ఉన్నప్పుడు ప్రతి నెలా ఎల్లేది. అలవాటు, ఆఉ కణ, ఇంకేటి?"

అలవాటే అయ్యుంటుందనుకుంది సాయిసుధ. కొట్టులో అందరి చేతులూ ఇంకా అత్తగారి చీటీ ప్రకారమే నడుస్తున్నాయి. దారం ముడి ఎప్పటిలాగే విప్పరాలేదు. కత్తెరతో తెంపి పొట్లం లోపల దాచింది.

మధ్యాహ్నం కాసులమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"ఏటే సుధా, ఇల్లంతా ధనియాల వాసనేస్తంది?"

"మావయ్య సొక్కాలు ఉతికేనండి పెద్దత్తా. కొట్టు వాసన."

"అవునులే. నా తమ్ముణ్ణి ఉడకబెడితే రెండు గంగాళాల సారు అవుతాది." కాసులమ్మ తన మాటకి తనే నవ్వి, కూర్చుని, కాళ్ళు చాపుకుంది. "ఆదివారం మీ అత్త ఆకులో ఏటి వడ్డిస్తావు?"

"గారెలు, పులిహోర, రెండు కూరలు, పప్పు, పరమాన్నం."

"సారు మరిసిపోనావు. పావని ఫోను సేసింది నాకు. అమ్మ ఆకులో అమ్మ పొడితోనే సారు పడాలంది. డబ్బాలో ఇంకా ఉన్నాదట గదా. ఉన్నాదా?"

"ఉన్నాదండి," అంది సాయిసుధ.

కాసులమ్మ వెళ్ళిపోయాక డబ్బా దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆయన తింటే చాలనుకుంది. ఇప్పుడు ఆ పొడి పోయిన మనిషి ఆకులో పడుతుంది. సూతకపు ఏడాదిలో దొంగచాటుగా దంచినది. ఆవిడదే అని చెప్పి ఆవిడకే వడ్డించటం. చెప్పేస్తే? చెప్పేస్తే మావయ్య మళ్ళీ చారు ముట్టకపోవచ్చు. అన్నమే మానెయ్యవచ్చు.

శనివారం పొద్దున్న పాసింజరులో ఖల్లికోట నుంచి పావని దిగింది. గౌతమ్‌కి అప్ప, అంటే అక్క; ఆ ఇంటి ఆడపడుచు. సంచీ వసారాలో పడేసి తిన్నగా వంటింట్లోకి వచ్చి డబ్బా మూత తీసి ముఖం దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తల ఎత్తేసరికి కళ్ళు తడిసి ఉన్నాయి.

"అమ్మే," అంది. "అచ్చం అమ్మే. ఇన్నాళ్ళెలా వచ్చింది సుధా?"

"కొంచెం కొంచెం వేసేను వదినా."

"పొదుపుగా వాడినావు, మంచిదే. ఇదే లేకపోతే నాన్న ఏటయిపోయేవోరో." పావని వేలితో చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకుంది. "నీ పెళ్ళయిన కొత్తలో పెట్టినావు సూడు, చికిటి సారు. పిప్పళ్ళేసి. గ్నాపకం ఉందా?"

"మీరు కషాయం అన్నారు."

"కషాయమే గదా మరి. గౌతమ్ గాడు జలుబు లేదు, నాకెందుకన్నాడు. నాన్నొక్కరే గిన్నెడూ తాగీసినారు, కొత్త కోడలు బాధపడతాదని." పావని నవ్వుతూ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ నవ్వులో చెడ్డతనం ఏమీ లేదు. అందుకే దానికి జవాబు చెప్పటం కూడా కష్టం. ఆ మర్నాటి నుంచి చారు గరిటె అత్తగారు పోయేదాకా ఎవరికీ ఇవ్వలేదు. నాలుగేళ్ళు సాయిసుధ కూరలు తరిగింది, పోపు దినుసులు అందించింది, గిన్నెలు దించింది.

సాయంత్రం గౌతమ్ వచ్చాక డాబా మీద బట్టలు తీస్తూ అతన్ని పిలిచింది. అతను ఫోన్ చూసుకుంటూ పైకి వచ్చి పిట్టగోడకి ఆనుకున్నాడు.

"ఏవండీ, ఆ డబ్బాలో పొడి..."

"అప్ప అడుగుతోందట గదా, ఇచ్చీయ్. దానికి అమ్మంటే పిచ్చి."

"అది కాదు. పొడి అత్తగారిది కాదు. నేను..."

ఫోన్ మోగింది. అతను చెయ్యి ఎత్తి ఒక్క నిమిషం అన్నట్టు చూపించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎవరిదో లోను కాగితం రాలేదట. సాయిసుధ అతని చొక్కాలు రెండు మడత పెట్టింది. మావయ్య పంచె మడత పెట్టింది. తువ్వాళ్ళు అయ్యాయి. అతను మాట్లాడుతూనే మెట్లు దిగిపోయాడు.

భోజనాల దగ్గర అడుగుతాడేమోనని చూసింది. అడగలేదు.

ఆదివారం తెల్లవారేసరికి పొయ్యిలు రెండూ వెలిగాయి. గారెల పప్పు రుబ్బటం, పులిహోర కలపటం, అరటికాయ తరగటం. పావని తల మీద తడి తువ్వాలు చుట్టుకుని పరమాన్నం కలుపుతోంది. సాయిసుధ కరివేపాకు దూసి, వసారాలోకి తొంగిచూసింది. బాబూరావు ఒక్కడే చాప మీద కూర్చుని పంతులుగారికి ఇవ్వాల్సిన స్వయంపాకం కడుతున్నాడు. బియ్యం, పప్పు, చింతపండు, మిరపకాయలు, వేటికవి. న్యూస్‌పేపర్ని కోణంలా చుట్టి, నింపి, మూత మడిచి, దారం రెండు చుట్లు తిప్పి, చూపుడువేలి మీద మెలిపెట్టి పుటుక్కున తెంపుతున్నాడు. వేళ్ళు చూసుకోకుండానే పోతున్నాయి.

ఆ చేతులకేసే చూస్తూ రెండడుగులు వేసింది. ఇప్పుడు కాకపోతే మరి చెప్పలేదు.

"మావయ్యా, ఒక మాట."

ఆయన తల ఎత్తాడు.

"డబ్బాలో పొడి సంగతండి. అది అత్తగారు..."

"పొయ్యి మీద ఏదో పొంగుతున్నాది," అన్నాడు బాబూరావు మెల్లగా. "ఎల్లి సూసుకో అమ్మాయీ."

పొయ్యి మీద ఏమీ పొంగటం లేదు. పావని పరమాన్నం దించేసి ఉంది. సాయిసుధ ఖాళీ పొయ్యి ముందు ఒక్క నిమిషం నిలబడి, చింతపండు గిన్నె అందుకుంది.

ఆ రోజు చారు ఎలా పెట్టిందో తర్వాత ఎంత గుర్తు తెచ్చుకున్నా రాలేదు. చేతులు పెట్టేశాయి. పావని తనే డబ్బా మూత తీసి, తనే రెండు చెంచాలు వేసి, వాసన చూసి, చాలన్నట్టు తల ఊపింది.

క్రతువు అయ్యాక హాల్లో వాసవీకుమారి ఫోటో ముందు అరిటాకు వేశారు. అందరూ వరసగా నిలబడ్డారు. గారెలు, పులిహోర, కూరలు పడ్డాయి. అన్నం పెట్టి పావని పక్కకి తప్పుకుంది.

"సారు నువ్వు పొయ్యి సుధా. ఏడాదంతా నాన్నకి పోసినావు."

సాయిసుధ గరిటె ముంచింది. ఎత్తింది. ఫోటోలో అత్తగారు మామూలుగానే చూస్తోంది, తరిగిన కూర ముక్కలు పెద్దవయ్యాయని చెప్పబోతున్నట్టు. గరిటె ఆకు మీదికి వెళ్ళి ఆగిపోయింది. ఒక చుక్క ఆకు అంచున పడి జారింది.

"ఏటయిందే?" అంది కాసులమ్మ.

ఇక్కడే, అందరిలో, చెప్పేయాలి. పెదవి విప్పింది.

"ఆ సారే పొయ్యి అమ్మాయీ." బాబూరావు గొంతు వెనక నుంచి వచ్చింది. "ఇన్నాళ్ళూ నేను తిన్నది అదే గదా."

చెయ్యి దానంతటదే వంగింది. అన్నం మీంచి చారు పారి ఆకు ఈనె పొడవునా సాగింది.

భోజనాల్లో కాసులమ్మ చారు చేతిలోకి పోయించుకుని జుర్రింది. రుచి చూసి కనుబొమలు ఎత్తింది. "ఒరే బాబూ, ఏడాది పొడిలా లేదురా ఇది. నిన్న దంచినట్టుంది."

సాయిసుధ చేతిలో నేతిగిన్నె ఉంది. దాన్ని గట్టిగా పట్టుకుంది.

"డబ్బా మూత బిగువు అప్పా," అన్నాడు బాబూరావు, ముద్ద కలుపుతూ. "గాలి ఎల్లదు."

"మా అమ్మ సెయ్యి అది," అంది పావని. "పదేళ్ళున్నా అలాగే ఉంటాది."

అందరూ రెండోసారి పోయించుకున్నారు. గౌతమ్ మూడోసారి అడిగి, ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదన్నాడు. అన్నది పావనిని చూసి. సాయిసుధ గిన్నె అడుగున గరిటె గీరుకునేదాకా వడ్డించింది. చివరికి తను కూర్చున్నప్పుడు చారు లేదు. పప్పన్నం తిని ఆకు మడిచింది.

నాలుగు గంటలకి పావని సంచీ సర్దుకుంది. అల్మరాలోంచి డబ్బా తీసి తండ్రి ముందుకి తెచ్చింది.

"నాన్నా, ఇది నేను అట్టుకెల్తాను. ఇక ఏడాది అయిపోనాది. మీకు సుధ ఏదో ఒకటి సేసి పెడతాది. నాకు అమ్మదని సెప్పుకోడానికి ఇంకేటీ లేదు."

బాబూరావు కూతురి ముఖం చూశాడు. తర్వాత డబ్బాని చూశాడు. కోడలి వైపు చూడలేదు.

"అట్టుకెళ్ళు తల్లీ," అన్నాడు.

సాయిసుధ లోపలికి వెళ్ళి పాలిథిన్ కవరు తెచ్చి, మూత ఊడకుండా డబ్బాని అందులో పెట్టి, కొసలు ముడివేసి ఇచ్చింది. పావని ఆమెని దగ్గరికి తీసుకుని, "ఏటీ అనుకోకు," అంది. గౌతమ్ అప్పని స్టేషన్‌లో దింపి, అటునుంచి అటే తన బస్సు చూసుకుంటానన్నాడు. ఆటో సందు చివర తిరిగింది. కాసులమ్మ మిగిలిన గారెలు పొట్లం కట్టించుకుని వెళ్ళింది.

చీకటి పడకముందే వంటిల్లు కడిగేసింది. అల్మరా పై అరలో డబ్బా ఉన్నచోట గుండ్రటి మరక ఉంది. తడిగుడ్డతో రెండుసార్లు తుడిచినా పోలేదు. దొంగతనం బయటపడలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఐదు నెలలు తను చేసినదంతా కవరులో ముడివేసుకుని ఎవరో పట్టుకెళ్ళినట్టుంది. రేపు మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆయన గుంట చేసుకున్న అన్నంలో ఏమి పొయ్యాలో కూడా తెలియలేదు.

సోమవారం పొద్దున్న ఆమె పెరట్లో బొగ్గులకుంపటి బూడిద ఎత్తుతోంది. లోపల ఏదో ఈడుస్తున్న చప్పుడు. స్టూలు కాళ్ళు నేలమీద గీసుకున్నాయి. తర్వాత అటక మీద బరువైనదేదో దొర్లింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ గబగబా వచ్చింది.

బాబూరావు స్టూలు దిగుతున్నాడు. పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకున్నాడు, జుట్టు మీద బూజు. చంకలో గోనెగుడ్డ చుట్టిన రోకలి.

"మావయ్యా, నేను తీద్దును కదా. పడితే ఏటి?"

ఆయన రోకలిని మోసుకుంటూ పెరటి అరుగు మీదికి వెళ్ళి కూర్చుని, తాడు ముళ్ళు ఒక్కొక్కటీ గోళ్ళతో విప్పాడు. గోనెగుడ్డ దులిపి మడత పెట్టాడు. రోకలి చివరి ఇనుప పొన్ను మీద తుప్పు చారలు ఉన్నాయి. చింతపండు తొక్కు పెట్టి రుద్ది, చెంబుడు నీళ్ళు పోసి కడిగి, తన భుజం మీది తువ్వాలుతోనే తుడిచాడు. రోలు మీద బోర్లించిన బుట్ట తీసి లోపల చెయ్యి పెట్టి దుమ్ము చూసి, దాన్నీ కడిగాడు. ఆయన ఆ పని చెయ్యటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. సాయిసుధ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

రోకలిని గోడకి నిలబెట్టి ఆయన లోపలికి వెళ్ళాడు. కొట్టు సంచీతో వచ్చి, అందులోవి ఒక్కొక్కటే తీసి రోటి పక్కన అరుగు మీద వరసగా పెట్టాడు. న్యూస్‌పేపర్ పొట్లాలు. పెద్దది, దానికంటే చిన్నది, ఇంకా చిన్నది. మళ్ళీ చొక్కా జేబులో చెయ్యి పెట్టి, వేలెడంత పొట్లం ఒకటి తీసి, వరస చివర కాక, రోటి అంచు మీద విడిగా పెట్టాడు. తర్వాత చెప్పుల కోసం వసారాలోకి నడిచాడు.

సాయిసుధ అరుగు దగ్గరికి వచ్చి పెద్దపొట్లం చేతిలోకి తీసుకుంది. దారం రెండు చుట్లు, చూపుడువేలి మీద మెలి. నిన్న స్వయంపాకానికి పడ్డ ముడి. ఇన్ని నెలలుగా సామాన్ల అడుగున వచ్చిన పొట్లాలకి ఉన్న ముడి. విప్పరాక తను కత్తెరతో తెంపుతూ వచ్చినది. లోకనాథ్ పాలిథిన్ కవర్లు తప్ప ఏవీ కట్టడు.

మిగిలినవి విప్పక్కర్లేదు. చేత్తో పట్టుకుంటేనే తెలుస్తోంది, ధనియాలు, మిరియాలు, జీలకర్ర. ఆఖరుకి రోటి అంచు మీది చిన్నపొట్లం తీసింది. దానికి దారం లేదు, ఊరికే మెలిపెట్టి ఉంది. విప్పింది.

పిప్పళ్ళు. నల్లగా, సన్నగా, ఈ ఏటివి. పుల్లలూ ఇసకా లేకుండా ఏరినవి.

ఆమె తల ఎత్తింది. వసారా గుమ్మంలోంచి బాబూరావు వీపు కనపడుతోంది. ఒంగుని చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నాడు. బూజు ఇంకా జుట్టు మీదే ఉంది. ఆయన నిటారుగా అయ్యి, మేకుకి ఉన్న స్కూటరు తాళం తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.